బిడ్డ కదలడం లేదని రాత్రి పదింటికి ఎవరికి ఫోన్ చేయాలి? జిల్లా వైద్యాధికారి గారికి బహిరంగ లేఖ

నెల్లూరు జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి గారికి,

నమస్కారం. నేను ఈ జిల్లా మెట్ట మండలాల్లో ఏఎన్‌ఎంగా చేరి, సూపర్‌వైజరుగా రిటైరైన మనిషిని. పింఛను కోసమో, పాత బకాయిల కోసమో పెట్టుకుంటున్న అర్జీ కాదు ఇది. కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు బిడ్డ కదలికలు గమనించుకోవడం ఫోన్ ద్వారా నేర్పించమని అడగడానికి రాస్తున్నాను. ఎలా నేర్పిస్తే పనికొస్తుందో, ఎలా నేర్పిస్తే దండగో కూడా నాకు తెలిసినంత చెప్తాను. మీ ఆఫీసుకొచ్చి చేతికే ఇవ్వొచ్చు. కానీ ఇది చదవాల్సినవాళ్ళలో మీతోపాటు లేబర్ రూమ్ సిస్టర్లు, డాక్టర్లు, అత్తగార్లు, మొగుళ్ళు కూడా ఉన్నారు. అందుకే అందరి ముందూ పెడుతున్నాను.

ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులందరినీ చూస్తారు కదా. ఆ రోజు ఏదైనా పీహెచ్‌సీలో ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చోండి. బరువు, బీపీ, రక్తం, మూత్రం, పొట్ట కొలత, బిడ్డ గుండె చప్పుడు వరసగా చూస్తారు. మధ్యలో ఎక్కడో ఒక ప్రశ్న పడుతుంది. "బిడ్డ తిరుగుతా ఉందామ్మా?" ఆ పిల్ల తల కూడా ఎత్తకుండా "ఆఁ, తిరుగుతా ఉంది" అంటుంది. తల్లీబిడ్డల రక్షణ కార్డులో కదలికల గడిలో టిక్కు పడుతుంది. అంతా కలిపి రెండు సెకన్ల పని. అడిగే నర్సమ్మ ముందు ఇంకా పొడుగాటి వరస ఉంటుంది. చెప్పే పిల్లకేమో, తేడాగా ఏమన్నా చెప్తే స్కానింగ్‌కి నెల్లూరు పొమ్మంటారేమో, ఆ ఖర్చుకి ఇంట్లో ఏమంటారో అని దిగులు. ఇక మళ్ళీ 9వ తేదీ దాకా ఆ కడుపులో సంగతి చెప్పగలిగిన మనిషి ఆ తల్లి ఒక్కతే. ఏం గమనించాలో, తేడా వస్తే ఏం చేయాలో ఆమెను కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు మాత్రం ఉండరు.

చెప్పాల్సింది పెద్ద శాస్త్రమేమీ కాదు. తొలిచూలు అయితే ఇరవయ్యో వారం అటూ ఇటూగా, తర్వాతి కాన్పులకు ఇంకాస్త ముందుగా కదలిక తెలుస్తుంది. మొదట్లో గ్యాసేమో అనుకునేంత చిన్నగా ఉంటుంది. 28వ వారం వచ్చేసరికి, అంటే ఏడో నెలలో, ఆ బిడ్డకంటూ ఒక తీరు ఏర్పడుతుంది. ఒక బిడ్డ రాత్రి తల్లి అన్నం తిని పడుకోగానే మొదలుపెడుతుంది. ఇంకో బిడ్డ తెల్లవారుజామున తల్లిని నిద్ర లేపుతుంది. కడుపులో బిడ్డ నిద్ర కూడా పోతుంది. ఒక్కో కునుకు 20 నుంచి 40 నిమిషాలు, గంటన్నర దాటడం అరుదు. మాయ గర్భసంచి ముందు గోడకు అంటుకుని ఉంటే మొదటి నెలల్లో తన్నులు మెత్తగా తెలుస్తాయి. ఎక్కిళ్ళు కదలికల లెక్కలోకి రావు. పక్కింటి కోడలికి ఎన్నిసార్లు తిరిగిందన్నది మనకు అనవసరం. నిన్నటికీ ఈ రోజుకీ తన బిడ్డ తీరు మారిందా లేదా, అదొక్కటే చూసుకోవాలి.

కదలిక ఎందుకు ముఖ్యమో తల్లికి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. మాయ సరిగ్గా పనిచేయక బిడ్డకు రక్తం, ప్రాణవాయువు తక్కువ అందుతుంటే, ఆ అందిన కాస్తనీ బిడ్డ ముందు గుండెకీ మెదడుకీ వాడుకుంటుంది. కాళ్ళూ చేతులూ ఆడించడం తగ్గించుకుంటుంది. గుండె ఆగిపోవడానికి కొన్ని గంటలో, కొన్ని రోజులో ముందు బయటికి కనిపించే గుర్తు చాలాసార్లు ఇదొక్కటే. ఇంగ్లండులోని ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ 2011లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక మాట ఉంది. కడుపులోనే బిడ్డ పోయిన తల్లుల్లో సగానికి పైగా, ఆ విషయం తెలియకముందే కదలిక తగ్గడం గమనించారట. అదే పత్రంలో ఇంకో మాట కూడా ఉంది. కదలిక తగ్గిందని ఒక్కసారి వచ్చినవాళ్ళలో నూటికి 70 మందికి ఏ చిక్కూ ఉండదు. ఈ రెండు మాటలూ కలిపే చదవాలి. మొదటిది మాత్రమే చెప్తే తల్లులు హడలిపోతారు. రెండోది మాత్రమే పట్టుకుంటే లేబర్ రూములో వచ్చిన ప్రతి మనిషినీ "ఏం కాలేదు పో" అంటారు.

మన దగ్గర బాగా పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది. నెలలు నిండాక లోపల చోటు చాలక బిడ్డ కదలడం తగ్గిస్తుందని. అమ్మమ్మలు అంటే సరే, పెద్ద ఆస్పత్రుల్లో పనిచేసే సిస్టర్లు కూడా అనడం నా చెవులతో విన్నాను. అది నిజం కాదు. గట్టిగా తన్నే బదులు దొర్లినట్టు, తోసినట్టు అనిపించవచ్చు. తరచుదనం మాత్రం తగ్గకూడదు, నొప్పులు మొదలయ్యేదాకా కూడా. రెండో నమ్మకం, తీపి తిన్నా, చల్లటి నీళ్ళు తాగినా బిడ్డ లేస్తుందని. తాగితే తప్పేం లేదు కానీ, ఆ వంకతో పూట గడిచిపోతుంది. బెల్లం పానకం పనిచేస్తుందేమో చూద్దామని మధ్యాహ్నం దాకా, కూల్‌డ్రింకు పనిచేస్తుందేమోనని సాయంత్రం దాకా, పొద్దున చూద్దాంలే అని తెల్లారేదాకా ఆగిపోతారు.

ఇక ఫోన్ సంగతి. ఈ పనికి ఫోన్ బాగా సరిపోతుంది, ఒప్పుకుంటాను. ఆశా వారానికోసారి గడప తొక్కినా గొప్పే. ఫోన్ రోజూ ఇంట్లోనే ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి కిల్కారీ పేరుతో కొన్ని రాష్ట్రాల్లో గర్భిణులకు వారం వారం ఫోన్లో గొంతు రికార్డులు వినిపిస్తోంది. కీప్యాడ్ ఫోన్ చాలు, చదువు అక్కర్లేదు. ఆ దారి మంచిది. నేను భయపడేది ఇంకో దారి గురించి. ఫోన్ అనగానే ఆఫీసుల్లో ముందు గుర్తొచ్చేది యాప్. బిడ్డ తన్నినప్పుడల్లా తల్లి బొత్తాం నొక్కాలి, పది కాగానే పచ్చ టిక్కు వస్తుంది, జిల్లా ఆఫీసులో ఒక తెర మీద మండలాలవారీగా శాతాలు కనిపిస్తాయి. చూడ్డానికి బాగుంటుంది.

మా ఊరి అంగన్‌వాడీలో ఒక ఆశా కార్యకర్త, పాపం మంచి ఉద్దేశంతోనే, అలాంటి యాప్ ఒకటి దించుకుని గర్భిణులకు చూపించింది. ఎనిమిదో నెల పిల్ల ఒకతి ఆ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, ఎడం చెయ్యి పొట్ట మీద వేసుకుని, కుడి బొటనవేలితో టకటకా నొక్కుతూ పోయింది. మూడు నిమిషాల్లో పది అయిపోయాయి. పచ్చ గుర్తు వచ్చింది, అందరూ చప్పట్లు కొట్టారు. నాకు అనుమానమొచ్చి పక్కన కూర్చుని నేనూ చెయ్యి పెట్టి చూశాను. లోపల బిడ్డకు ఎక్కిళ్ళు. సమానంగా, ఒకే చోట, గడియారం పెట్టినట్టు కొడుతోంది. ఆ పిల్ల నొక్కినవన్నీ అవే. యాప్‌కు ఎక్కిళ్ళేవో, తన్నులేవో తెలియదు కదా. పక్కన చెప్పే మనిషి ఉంటేనే తెలుస్తుంది.

ఇంకో రకం యాప్‌లూ ఉన్నాయి. ఫోన్ పొట్ట మీద పెడితే బిడ్డ గుండె చప్పుడు వినిపిస్తామంటాయి. వాటిని నమ్మొద్దని గట్టిగా చెప్పండి. ఫోన్ మైకుకి ఆ పని చేతకాదు. వినిపించేది తల్లి రక్తనాళాల చప్పుడో, పేగుల చప్పుడో అయి ఉంటుంది. ఆన్‌లైన్లో అమ్మే డాప్లర్, అంటే బిడ్డ గుండె చప్పుడు వినిపించే చిన్న మిషన్, కొనుక్కున్నా లాభం లేదు. గుండె కొట్టుకుంటోంది కదా అని ధైర్యంగా ఇంట్లో పడుకుంటారు. బిడ్డ బాగా నీరసపడ్డాక కూడా గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. ఆ చప్పుడు ఒక్కటే విని అంతా బాగుందని తేల్చడం కుదరదు.

ఫోన్లు ఎవరి చేతుల్లో ఉన్నాయన్నది కూడా చూడాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో తాము వాడుకునే ఫోన్ ఉన్న ఆడవాళ్ళు సగం కంటే కాస్త తక్కువే. ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడినవాళ్ళు ఐదుగురిలో ఒకరు. అప్పటికీ ఇప్పటికీ ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉండటం వేరు, అది కోడలి చేతిలో ఉండటం వేరు. రికార్డులో ఉన్న నంబరు చాలాసార్లు మొగుడిది. ఆయన బెంగుళూరులో సెంట్రింగ్ పనిలో ఉంటాడు. మధ్యాహ్నం మూడింటికి మనం చేసిన కాల్ ఎవరో బ్యాంకు వాళ్ళనుకుని కట్ చేస్తాడు. రెండో నంబరు ఉంటే అది అత్తది, రీచార్జి అయిపోయి ఇన్‌కమింగ్ కూడా ఆగిపోయి ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు మన ఆచారంలో ఉంది, మీకు తెలియనిది కాదు. తొలి కాన్పుకి పిల్లను పుట్టింటికి తీసుకుపోతారు. ఏడో నెలలో, లేకుంటే తొమ్మిదో నెలలో సీమంతం చేసి తీసుకుపోతారు. సరిగ్గా కదలికలు గమనించాల్సిన రోజులు అవే. పేరు నమోదైంది అత్తగారి ఊరి సబ్‌సెంటర్లో. అక్కడి ఏఎన్‌ఎంకి ఆమె "ఊళ్ళో లేదు". పుట్టింటి ఏఎన్‌ఎంకి ఆమె "మన కేసు కాదు". అటూ ఇటూ కాని ఆ రెండు మూడు నెలలు ఆమె ఎవరి లెక్కలోనూ ఉండదు. తల్లీబిడ్డల వివరాలుండే మన ఆర్‌సీహెచ్ రికార్డు ఊరు మారితే మారకపోవచ్చు, ఫోన్ నంబరు మాత్రం మనిషి వెంట పోతుంది. కానీ మొగుడి నంబరు రాసుకుంటే అదీ పోదు. కాబట్టి సీమంతానికి ముందు వచ్చే చెకప్‌లోనే ఆమె తల్లి నంబరు రాసుకోవాలి. ఇది ఒక్కటి చేసినా ఈ లేఖ రాసినందుకు ఫలితం దక్కినట్టే.

కోస్తా మండలాల్లో రొయ్యల గుంటల కాడ కాపలా ఉండే యానాది కుటుంబాలకు ఈ కాల్స్ ఎలాగూ సరిగ్గా అందవు. ఊరికి దూరంగా గట్టు మీద గుడిసె, సిగ్నల్ ఉంటే ఒక మూల ఉంటుంది. పెట్టుబడి పెట్టిన ఆసామి ఫోనే వాళ్ళకూ ఫోను. అలాంటి చోట్లకు మనిషి పోవాల్సిందే. ఫోన్ ఉంది కదా అని ఆ తిరుగుడు ఆపేయకండి.

ఇప్పుడు కాస్త కటువైన మాట. లెక్కపెట్టడం నేర్పితే చాలు, బిడ్డలు బతికిపోతారు అని ఎవరైనా మీకు ప్రజెంటేషన్ ఇస్తే నమ్మకండి. ఈ లెక్క కొత్తది కాదు. 12 గంటల్లో పది కదలికలు చూసుకోమనే కార్డిఫ్ పట్టిక 1976లోనే వచ్చింది. అన్నం తిన్నాక పూటకో గంట చొప్పున లెక్కపెట్టించమని మా ట్రైనింగులో మాకూ నేర్పారు. ఆ తర్వాత పెద్ద పెద్ద పరిశోధనలు జరిగాయి. బ్రిటన్, ఐర్లండుల్లో 33 ఆస్పత్రుల్లో, నాలుగు లక్షలకు పైగా కాన్పుల మీద చేసిన అధ్యయనం ఫలితాలు 2018లో వచ్చాయి. తల్లులకు కదలికల గురించి చెప్పి, వచ్చినవాళ్ళకు ఒక పద్ధతి ప్రకారం పరీక్షలు చేశారు. చనిపోయి పుట్టిన బిడ్డలు అంతకుముందు వెయ్యికి 4.40, తర్వాత 4.06. తగ్గినట్టు కనిపిస్తుంది కానీ, గట్టిగా తగ్గిందని చెప్పేంత తేడా కాదని వాళ్ళే రాశారు. ఆస్ట్రేలియా, న్యూజీలాండుల్లో 2016–19 మధ్య పాతిక పైచిలుకు ఆస్పత్రుల్లో అచ్చంగా మొబైల్ యాప్‌తోనే ప్రయత్నించారు. అక్కడా చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 సిఫారసుల్లో, రోజూ పట్టిక పెట్టి తన్నులు లెక్కపెట్టించడం పరిశోధనల్లో భాగంగా తప్ప వద్దంది. కదలిక తగ్గితే వెంటనే చూపించుకోవాలని తల్లికి చెప్పడాన్ని మాత్రం ఎవరూ వద్దనలేదు.

మరి ఎందుకు నేర్పించడం అని మీరు అడగొచ్చు. ఆ దేశాల్లో తల్లికి అనుమానమొస్తే అదే రాత్రి మెటర్నిటీ వార్డుకి ఫోన్ చేస్తుంది, అవతల మిడ్‌వైఫ్ ఎత్తుతుంది, గంటలో మిషన్ పెట్టి చూస్తారు. ఆ అధ్యయనాలకు ముందే అవన్నీ ఉన్నాయి. ఉన్నదాని మీద ఇంకాస్త చేర్చితే ఎంత లాభమో వాళ్ళు కొలిచారు. మన సీతారామపురం మండలంలో ఉన్న పిల్లకు ఆ మొదటి మెట్టే లేదు. చనిపోయి పుట్టే బిడ్డల సంఖ్యను 2030 నాటికి వెయ్యికి పది లోపుకి తేవాలని మన దేశం 2014లోనే లక్ష్యం పెట్టుకుంది. నూటికి 96కి పైగా కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్న రాష్ట్రం మనది. అంటే నొప్పులొస్తే ఆస్పత్రికి రావడం మన ఆడవాళ్ళకు బాగానే అలవాటైంది. నొప్పులు రాకముందు, ఏదో తేడాగా ఉందని మాత్రమే అనిపించినప్పుడు రావడమే ఇంకా అలవాటు కాలేదు. వచ్చినా మర్యాద దక్కదు. నా గొడవంతా ఇక్కడే.

ఒక కేసు చెప్తాను. ఊరు, ఆస్పత్రి పేర్లు రాయను. తొమ్మిదో నెల పిల్ల, తొలిచూలు. ఒకరోజు బిడ్డ సరిగ్గా తిరగడం లేదని తల్లిని వెంటబెట్టుకుని ఆటోలో ఆస్పత్రికి పోయింది. రాత్రి తొమ్మిది దాటింది. డ్యూటీలో ఉన్నామె డాప్లర్ పెట్టి చప్పుడు వినిపించి, "కొట్టుకుంటా ఉంది కదా, ఏమైందని అర్ధరాత్రి పరిగెత్తుకొచ్చారు? నొప్పులొస్తే రండి" అని పంపించింది. ఆ రోజు నిజంగానే ఏమీ కాలేదు. తెల్లారి బిడ్డ మామూలుగానే తిరిగింది. రెండు వారాల తర్వాత మళ్ళీ అలాగే అయింది. ఈసారి ఆ పిల్ల రాత్రి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పొద్దున చెప్పింది తల్లికి. తల్లి ఏమందో తెలుసా? "పోయినసారి పోతే అన్ని మాటలు పడ్డాం, సాయంత్రం దాకా చూద్దాం." సాయంత్రం నాకు ఫోన్ చేశారు. నేను బండేసుకుని పోయేసరికి వాకిట్లో నులక మంచం మీద ఎడమ పక్కకు తిరిగి పడుకుని ఉంది, నేను ఎప్పుడో చెప్పినట్టే. ఒక చేత్తో పొట్ట నిమురుకుంటూ, ఇంకో చేతిలో వేళ్ళ కణుపుల మీద బొటనవేలు పెట్టుకుని ఉంది. ఆ వేలు ఇంకా మొదటి కణుపు మీదే ఉంది. బిడ్డ దక్కలేదు.

ఆ పిల్లకు లెక్కపెట్టడం తెలుసు. గమనించడమూ తెలుసు. ఆమెకు యాప్ ఇచ్చి ఉంటే జరిగిందే మళ్ళీ జరిగేది. మొదటిసారి వచ్చినప్పుడు "మంచి పని చేశావమ్మా, మళ్ళీ ఇలా అనిపిస్తే ఏ టైమైనా రా" అని ఒక్క మాట అనుంటే రెండోసారి రాత్రికి రాత్రే వచ్చేది. వస్తే బిడ్డ బతికేదని నేను గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను. వచ్చేదని మాత్రం చెప్పగలను.

అందుకని నేర్పించడం మొదలుపెట్టే ముందు అవతలి పక్క సిద్ధం చేయండి. నెల్లూరు పెద్దాసుపత్రి, కావలి, ఆత్మకూరు, ఉదయగిరి. ఈ నాలుగు చోట్లా లేబర్ రూములో రాత్రీ పగలూ ఎత్తే ఒక నంబరు ఉండాలి. సూపరింటెండెంట్ సొంత నంబరు కాదు, ఆయన బదిలీ అయిపోతే ఫోనూ పోతుంది. లేబర్ రూముకే ఒక ఫోన్, గోడకు చార్జరు, డ్యూటీ మారినప్పుడు కేస్‌షీట్లతోపాటు అప్పగించేలా. కదలిక తగ్గిందని వచ్చిన మనిషిని ఓపీ చీటీ కోసం వరసలో నిలబెట్టకూడదు. గుండె చప్పుడు ఒక్కటే విని పంపకూడదు. బిడ్డ గుండె కొట్టుకునే తీరును కాగితం మీద గీసే ఎన్‌ఎస్‌టీ మిషన్ ఇరవై నిమిషాలు పెట్టి, బీపీ చూసి, బిడ్డ ఎదుగుదల, ఉమ్మనీరు అనుమానంగా ఉంటే స్కాన్ చేయాలి. మిషన్ లేని చోట నుంచి ఉన్న చోటికి 108లో పంపాలి. ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. ఆ దారి మధ్యలో ఆత్మకూరులో మిషన్ పనిచేస్తోందా, దాంట్లో పేపరు రోలు ఉందా అన్నది ప్రాణం మీదికొచ్చే ప్రశ్న. మిషన్ ఉంది, పేపరు లేదు అనే మాట నేను సర్వీసులో ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను.

ఇంకో భయం కూడా దాచుకోకుండా చెప్తాను. పైన చెప్పిన బ్రిటన్, ఐర్లండుల అధ్యయనంలో నొప్పులు తెప్పించి చేసే కాన్పులు, సిజేరియన్లు పెరిగాయి. మన రాష్ట్రంలో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే నూటికి 42 కాన్పులు కోతలే. "కదలిక తగ్గింది" అనే మాట కొన్ని నర్సింగ్ హోముల చేతిలో పడితే ఏమవుతుందో ఊహించుకోవడం కష్టం కాదు. ముప్ఫై ఆరో వారంలో భయపడుతూ వచ్చిన పిల్లను బల్లెక్కించడానికి అంతకంటే మంచి సాకు దొరకదు. కాబట్టి పరీక్షలన్నీ బాగుంటే ఇంటికి పంపాలని, అప్పటికి నెలలు నిండకపోతే ఆ ఒక్క కారణంతో కోత పెట్టకూడదని, ప్రైవేటు వాళ్ళకు కూడా మీ నుంచి కాగితం పోవాలి. ఎవరెవరు ఈ ఫిర్యాదుతో వచ్చారు, ఎన్నింటికి వచ్చారు, మిషన్ ఎన్నింటికి పెట్టారు, తర్వాత ఏమైంది, ఈ నాలుగూ ఒక రిజిస్టర్లో రాయించండి. నాకు యాప్ మీద లేని నమ్మకం ఆ రిజిస్టర్ మీద ఉంది.

ఇక ఫోన్లో ఏం చెప్పాలి. నిమిషంన్నర దాటకూడదు, వారానికోసారి, రాత్రి ఏడున్నర, ఎనిమిది మధ్య, అన్నాలు తిని అందరూ వాకిట్లో ఉండే వేళ. స్పీకర్ పెట్టి వినమని మొదట్లోనే చెప్పాలి, ఎందుకంటే ఇది అత్త చెవిలో కూడా పడాలి. టీవీ వార్తల తెలుగు వద్దు. మన ఊళ్ళో నర్సమ్మ మాట్లాడినట్టు ఉండాలి. నేను రాస్తే ఇలా రాస్తాను:

"అమ్మా, నీకు ఏడో నెల దాటింది. ఇప్పుడు నీ బిడ్డ ఎప్పుడెప్పుడు తిరుగుతుందో నీకు తెలుస్తుంది. రోజూ ఒక పూట, రాత్రి పడుకున్నప్పుడైనా సరే, ఆ సంగతి మీద మనసు పెట్టు. నిన్నటిలాగే తిరిగితే ఏ దిగులూ లేదు, రాసుకోనక్కర్లేదు. తగ్గినట్టు అనిపిస్తే పనులు ఆపి, ఎడమ పక్కకు తిరిగి పడుకుని, రెండు గంటలు గమనించు. పదిసార్లు కూడా తిరగకపోతే పొద్దున దాకా ఆగొద్దు, ఈ నంబరుకి ఫోన్ చెయ్. అసలే తిరగడం లేదనిపిస్తే పడుకుని లెక్కపెట్టొద్దు, పానకాలు తాగి చూడొద్దు, 108కి ఫోన్ చేసి బయల్దేరు. పదిసార్లు తిరిగినా నీకు ఏదో తేడాగా అనిపిస్తోందా? అయినా ఫోన్ చెయ్. నెలలు నిండాయి కదా తిరగదులే అని ఎవరన్నా అంటే, అది తప్పని నర్సమ్మ చెప్పిందని చెప్పు. అత్తమ్మా, అమ్మా, మీరు కూడా వింటున్నారు కదా. పిల్ల ఈ మాట చెప్పినప్పుడు తోడు పోండి. వచ్చి ఏం లేదని తేలినా మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు."

ఆఖరి వాక్యం నేను రాసేస్తే సరిపోదు. అది నిజం కావాలంటే మీరు సంతకం పెట్టాలి. ఆ కాల్ పోయే ముందే లేబర్ రూములకు ఆ సర్క్యులర్ పోవాలి.

కాల్ చివర్లో "బాగా తిరుగుతుంటే ఒకటి నొక్కండి, తగ్గితే రెండు నొక్కండి" అని పెట్టొచ్చు. కానీ రెండు నొక్కితే అవతల మనిషి గొంతు వినిపించాలి. "మీ స్పందన నమోదైంది, ధన్యవాదాలు" అని వినిపిస్తే మాత్రం ఆ తల్లి ఎవరికో చెప్పాను కదా అని నిశ్చింతగా పడుకుంటుంది. అది కాల్ చేయకపోవడం కంటే ప్రమాదం.

ఆశాలకు, ఏఎన్‌ఎంలకు మాత్రం దీనికోసం ఇంకో యాప్ ఇవ్వకండి. ఉన్నవాటికే వాళ్ళు రాత్రిళ్ళు మేలుకుని డేటా ఎక్కించుకుంటున్నారు. సర్వరు తిరుగుతూ ఉంటుంది, ఇంట్లో పిల్లలు అన్నానికి ఏడుస్తూ ఉంటారు. వాళ్ళ నుంచి కావాల్సింది ఒక్కటే. 9వ తేదీన ఆ రెండు సెకన్ల ప్రశ్నను రెండు నిమిషాలు చేయడం. "తిరుగుతా ఉందా?" అని కాకుండా "ఎప్పుడెప్పుడు తిరుగుతుంది? నిన్న రాత్రి ఎలా ఉంది? పోయిన వారానికీ దీనికీ తేడా ఉందా?" అని అడిగితే ఆ పిల్ల ఆలోచించి చెప్తుంది. అలా అడిగే తీరిక ఉండాలంటే ఆ రోజు పీహెచ్‌సీలో ఇంకో మనిషి కావాలి. ఆ ఏర్పాటు మీ చేతిలోనే ఉంది.

జిల్లా అంతా ఒకేసారి మొదలుపెట్టక్కర్లేదు. ఉదయగిరి వైపు ఒక మండలం, కోస్తాలో ఒక మండలం తీసుకుని, ముందు లేబర్ రూము ఫోన్, మిషన్ సరిచూసుకుని, తర్వాత కాల్స్ పెట్టండి. ఆర్నెల్లు ఆ రిజిస్టర్ చూస్తే ఎక్కడ తేడా పడుతోందో తెలిసిపోతుంది. రికార్డింగుకి గొంతు కావాలంటే నేను వస్తాను, ఖర్చు అక్కర్లేదు. నాతోపాటు పనిచేసి రిటైరైన నర్సమ్మలు ఇంకా కొందరు ఈ చుట్టుపక్కలే ఉన్నారు. రాత్రి డ్యూటీలో ఆ ఫోన్ దగ్గర కూర్చోవడానికి మనుషులు చాలకపోతే మమ్మల్ని అడగండి, వంతులు వేసుకుంటాం. మీ ఆఫీసు నుంచి ఎప్పుడు పిలిచినా వచ్చి మాట్లాడతాను.

ఇట్లు,
ఉదయగిరి వైపు సబ్‌సెంటర్లలో పనిచేసి రిటైరైన ఒక నర్సమ్మ
నెల్లూరు జిల్లా